సంధి చెడిన మహాకార్యము

వ్యాకరణము చదివిన ప్రతి విద్యార్థికిని తెలిసిన విషయ మొకటి కలదు. రెండు పదములు దేనికది విడిగా నున్నంతవఱకు వానిలో నే మార్పును గలుగదు. అవి యొకదాని నొకటి కలిసినచోటనే అచ్చు లోపించును, హల్లు మాఱును, లేని యకారము వచ్చి చేరును. వ్యాకరణకర్తలు సంధుల కొక ప్రకరణమునే కేటాయించుటకు కారణ మిదియే. మహానిర్మాణముల తీరును ఇట్టిదే. ఆనకట్ట కట్టువాడు, కాలువ త్రవ్వువాడు, నష్టపరిహార మిచ్చువాడు, ధనము మంజూరు చేయువాడు - వీరిలో నెవ్వరిని ప్రశ్నించినను తమ పని తాము చక్కగనే చేసితిమని చెప్పుదురు. తఱచుగా నది నిజము కూడ. అయినను కార్యము చెడును. ఒకరి పని ముగిసి మఱొకరి పని యారంభమగు చోట, ఎవరి బాధ్యతయు గాని యొక సందున, అది చెడును. ఈ సత్యమునకు పోలవరము కంటె గొప్ప నిదర్శనము తెలుగుదేశమున లేదు.

పోలవరమున జరిగినదేమి?

గోదావరి పాపికొండలను దాటి మైదానమున ప్రవేశించు చోట గొప్ప జలాశయమును నిర్మింపవలెనన్న సంకల్పము నేటిది కాదు. 1940 దశకముననే మద్రాసు ప్రభుత్వమువారు రామపాదసాగరమను పేర దీనిని పరిశోధించిరి. నదీగర్భమున ఇసుక మిక్కిలి లోతుగా నుండుటచే పునాది కష్టసాధ్యమని నాడే తేలినది. 1980లో గోదావరీ జలవివాద న్యాయస్థానమువారు తీర్పు చెప్పిరి. 1981లో శంకుస్థాపన జరిగినది. 2014లో రాష్ట్ర విభజన శాసనము దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. 194 టి.యం.సి.లకు పైబడిన నిలువ, 7.2 లక్షల యెకరముల క్రొత్త యాయకట్టు, కృష్ణకు 80 టి.యం.సి.ల మళ్ళింపు, విశాఖపట్టణమునకు 23.44 టి.యం.సి.లు, 960 మెగావాట్ల విద్యుత్తు - ఇవి దీని యుద్దేశములు. ఇంతటి కార్యమునకు పూనిన ప్రజల సాహసము కొనియాడదగినదే.

అయితే యీ యానకట్ట యొక్కటి కాదు. నదిని దాటించు స్పిల్‌వే యొకటి. ప్రధాన ప్రవాహ మార్గమున కట్టవలసిన రాతి మట్టి కట్ట యొకటి. ఆ కట్టక్రింద ఇసుకలోనుండి నీరు జాఱిపోకుండ భూగర్భమున రాతివఱకు దింపు డయాఫ్రం గోడ యొకటి. ఈ పనులు సాగుచుండగా వఱద రాకుండ పైనను క్రిందను అడ్డుగా నిలుపు కాఫర్ డ్యాములు రెండు. వీనికి తోడు, నీరు వెనుకకు నిలిచినపుడు మునిగిపోవు పల్లెలలోని లక్షకు మించిన కుటుంబములకు క్రొత్త యూళ్ళు. ఇవి యన్నియు ఒకే దేహమునకు అవయవములు. వీనిలో ఏది ముందు, ఏది వెనుక యన్నది రుచిని బట్టి నిర్ణయించుకొనునది కాదు. దానిని గోదావరి నిర్ణయించును. జూలై మొదలు అక్టోబరు వఱకు నది తనది. మిగిలిన మాసములే మనవి.

క్రమమెట్లుండవలెనో చూడుడు. స్పిల్‌వే సిద్ధమైనగాని నదిని ప్రక్కకు త్రిప్పరాదు. నదిని త్రిప్పవలెనన్నచో పై కాఫర్ డ్యామును మూయవలెను. దానిని మూసినచో నీరు వెనుకకు పోటెత్తి పల్లెలు మునుగును. కనుక అంతకు ముందే ఆ పల్లెల జనులను క్రొత్త యిండ్లలో నిలుపవలెను. ఈ మూడును ముగిసిన పిమ్మట, రక్షణ కల్గిన ప్రదేశమున, డయాఫ్రం గోడను, దానిపై కట్టను నిర్మించిన నిశ్చింతగా నుండును.

జరిగిన దిట్లు కాదు. దాదాపు 1,400 మీటర్ల పొడవుగల డయాఫ్రం గోడ 2018లోనే పూర్తియైనది. అది గొప్ప విజయముగ ప్రకటింపబడినది. పిమ్మట కాఫర్ డ్యాముల పని యారంభించిరి. స్పిల్‌వే యింకను సిద్ధము కాలేదు. పై పల్లెల జనులు కదలలేదు. వారికి కదలుటకు చోటు లేదు. కనుక కాఫర్ డ్యాములలో సందులు వదలిరి. 2019లోను, 2020లోను వఱదలు వచ్చినవి. విశాలమైన నది యిఱుకైన సందులలో దూఱి పోవలసి వచ్చినపుడు దాని వేగ మెంతగా నుండునో పల్లెకాలువకు గండి పడుట చూచిన రైతు నడిగినను చెప్పును. నదీగర్భమున ఇసుక కోసుకొని పోయి పెద్ద యగాధములు పడినవి. రక్షణ లేక నిలిచియున్న డయాఫ్రం గోడ పలుచోట్ల దెబ్బతిన్నది. 2021 జూన్ మాసమునగాని నది స్పిల్‌వే మార్గమున పడలేదు. 2024లో అమెరికా, కనడా దేశములనుండి వచ్చిన నలుగురు నిపుణులు పరిశీలించిరి. తుదకు క్రొత్త గోడయే కట్టవలెనని నిర్ణయమైనది. 2025 జనవరిలో ఆ పని యారంభమైనది. వేయి కోట్ల రూపాయలకు చేరువైన వ్యయము ఈ యొక్క గోడకే. అంతకంటె దుర్లభమైన ద్రవ్యము కాలము; దానికి లెక్కవేయువారే లేరు.

ఇది యే పక్షము తప్పు అను వాదము శాసనసభలోను వెలుపలను వలసినంత జరిగినది. గోడను ముందు కట్టినవారిది దోషమని ఒకరు, కాఫర్ డ్యాములను సకాలమున మూయనివారిది దోషమని మఱొకరు. ఆ తగవు తీర్చుట మా యుద్దేశము కాదు. మేము వేయు ప్రశ్న వేఱు. గోడకును, కాఫర్ డ్యామునకును, పునరావాసమునకును నడుమనున్న ఆ సంధికి యజమాని యెవ్వడు? 2014లో ఏర్పడిన పోలవరము ప్రాజెక్టు అథారిటీ కలదు. నమూనాల నంగీకరించు కేంద్ర జలసంఘము కలదు. 2016 నుండి నిర్మాణభారమును వహించిన రాష్ట్ర ప్రభుత్వము కలదు. గుత్తేదారులు కలరు. భూమిని సేకరించు రెవెన్యూ శాఖ వేఱు, వ్యయమును మంజూరు చేయు ఢిల్లీ ధనశాఖ వేఱు. ఇందఱుండియు, "పల్లెలు కదలలేదు గావున ఈ యేడు గోడ జోలికి పోరాదు" అని చెప్పి యాపుటకు అధికారమును, ఆపకున్న శిక్షకు పాత్రతయును గల పురుషు డొక్కడు లేకపోయెను. వ్యాధి యిది. మిగిలినవన్నియు దాని లక్షణములు.

ఈ శాస్త్ర మెట్లు పుట్టినది?

ఇట్టి వ్యాధికి చికిత్సగా పాశ్చాత్యదేశములలో నొక శాస్త్రము వృద్ధియైనది. దానిని వారు సిస్టమ్స్ ఇంజనీరింగు అందురు. సమగ్ర నిర్మాణశాస్త్రమని మనము చెప్పుకొనవచ్చును. అమెరికావారు 1950 దశకమున ఖండాంతర క్షిపణులను నిర్మింప బూనినపుడు, ఇంజను, ఇంధనము, మార్గనిర్దేశము, ముఖభాగము - వీనినన్నిటిని ఏకకాలమున వేర్వేరు కర్మాగారములలో చేయింపవలసి వచ్చెను. 1954లో బెర్నార్డ్ ష్రీవర్ అను సేనాని, సైమన్ రామో అను ఇంజనీరు నాయకత్వమున నొక సంస్థకు ఒక విచిత్రమైన భారము నప్పగించెను. ఏ భాగమును తాను చేయక, భాగము లన్నియు నొండొంటితో పొసగునట్లు చూచుట మాత్రమే దాని పని. కూర్పరితనమే ఒక వృత్తియైనది.

చంద్రమండల యాత్రలో నీ పద్ధతికి కీర్తి వచ్చినది. నాలుగు లక్షల జనులు, ఇరువదివేల సంస్థలు పాల్గొన్న ఆ యుద్యమమునకు 1963లో జార్జి మ్యూలర్ వచ్చి, క్షిపణి కార్యక్రమమున నారితేరిన శామ్యూల్ ఫిలిప్సును తోడుగ తెచ్చుకొనెను. వారు నెలకొల్పిన నియమములు వినుటకు సామాన్యముగ తోచును. ఏ భాగమునైనను మార్పదలచినవాడు ఆ మార్పు తక్కిన భాగముల నెట్లు తాకునో ముందుగా వ్రాసి సభ యెదుట పెట్టవలెను. ఒక దశ ముగిసినదని పలువురు పరీక్షించి యంగీకరించినగాని మఱుదశ తలుపు తెఱువరాదు. రెండు భాగములు కలియుచోట ఇరువురును సంతకముచేసిన పత్ర మొకటి యుండవలెను.

ఇంతటి కట్టుబాట్లు గలచోటనే 1967 జనవరి 27న నేలపై జరిగిన పరీక్షలో మంటలు చెలరేగి ముగ్గురు వ్యోమగాములు మరణించిరి. ఆ దుఃఖము నుండి వారు నియమములను మఱింత బిగించుకొనిరి. రెండున్నరేండ్లకు, 1969 జూలై 20న, మానవుడు చంద్రునిపై కాలు మోపెను.

నియమము సడలినచోట ఏమగునో కూడ వారి చరిత్రయే చెప్పుచున్నది. 1999 సెప్టెంబరులో అంగారకుని చేరిన నౌక యొకటి నశించెను. యంత్రములో లోపము లేదు. భూమిపై నొక పక్షము లెక్కలను ఆంగ్లేయ మానములో పంపగా, మఱొక పక్షము వానిని మెట్రిక్ మానమని భావించి వాడుకొనెను. ఇరువురి గణితమును ఒప్పే. ఇరువురు కలియుచోట మాత్రము పరీక్షించినవాడు లేడు.

మన తీరముననే కల పాఠము

ఇవి యన్నియు పరదేశపు ముచ్చటలు, మనకు పనికిరావని యెవ్వరైన తలచుదురేమో. వారు పోలవరమునకు దక్షిణముగ, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట వఱకు పోయి రావలెను.

1979 ఆగస్టు 10న అచ్చటనుండి యెగసిన మన తొలి యుపగ్రహ వాహకము ఎస్.ఎల్.వి.-3, రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ద్రవము కాఱిపోవుటచే దారితప్పి బంగాళాఖాతమున కూలినది. అధిపతి సతీశ్ ధావన్ ఆనాడు పత్రికలవారి యెదుట తానే నిలిచి బాధ్యతను స్వీకరించెనని, మఱుసటి యేడు, 1980 జూలై 18న, రోహిణి కక్ష్యను చేరినపుడు మాత్రము తన్ను ముందుకు పంపెనని కార్యనిర్వాహకుడైన అబ్దుల్ కలాము పలుమాఱులు చెప్పియున్నారు. దీనిని ఔదార్యముగ మాత్రమే చెప్పుకొనుట మన యలవాటు. ఇందులో పరిపాలనా సూత్ర మొకటి కలదు: సమగ్రతకు బాధ్యుడు ఒక్కడు; అతని పేరు అందఱికిని తెలిసియుండవలెను.

1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగము విఫలమైనది. మోటారులు దేనికది సరిగా మండినవి. దశలు విడివడు సమయమున కలిగిన కుదుపును సరిదిద్దవలసిన గణన క్రమములో దోష ముండుటచే వాహకము నిలదొక్కుకొనలేకపోయినది. మఱల సంధియే! దోషమును దాచక, వెదకి, వ్రాసి, దిద్దిరి. 1994 అక్టోబరు 15న రెండవ ప్రయోగము సఫలమైనది. 2019లో చంద్రయాన్-2 నౌకలోని ల్యాండరు చంద్రునిపై కూలినపుడును ఇదే పద్ధతి. ఏమేమి చెడవచ్చునో యెంచి, అవి చెడినను నౌక నిలుచునట్లు చంద్రయాన్-3ను రూపొందించిరి. కాళ్ళను బలపఱచిరి. ఇంధనమును పెంచిరి. 500 మీటర్ల చదరముగ నున్న దిగు ప్రదేశమును నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుగల క్షేత్రముగ విస్తరించిరి. 2023 ఆగస్టు 23న అది క్షేమముగ దిగినది.

ఈ సంస్థయందలి ఇంజనీర్లు ఆకసమునుండి దిగివచ్చినవారు కారు. పోలవరమున పని చేయువారు చదివిన కళాశాలలలోనే చదివినవారు. వారికిని ప్రభుత్వమే జీతములిచ్చుచున్నది. అచ్చట ప్రయోగమునకు ముందు పరిశీలించు సభలలో ఆ కార్యముతో సంబంధము లేని నిపుణులు కూర్చుండి, నిర్మాతలను నిర్దాక్షిణ్యముగ ప్రశ్నింతురు. సందేహ మున్నచో ముహూర్తము మాఱును. ఎంతటి ప్రముఖుడు చూడవచ్చినను సరే. నదిపై కట్టు కట్టడమునకు ఈ మర్యాద యేల లేదు?

ఆకాశయానమును విడిచి నీటిపనులనే చూతము. గోదావరీ తీరమున నీ దృష్టి కొత్తది కాదు. 1847 నుండి 1852 వఱకు సాగిన ధవళేశ్వరపు టానకట్టను ఆర్థర్ కాటను రాళ్ళవరుసగ భావింపలేదు. ఆనకట్ట, తూములు, పంటకాలువలు, పడవలు నడచు లాకులు, గట్లు, మురుగు పోవు మార్గములు - అన్నియు కలిసి యొక డెల్టా యని యాతడు తలచెను. పరపాలకుల ఖజానాతో పోరాడి సాధించెను. ఆ సమగ్రదృష్టి వలననే కఱవు పాలైన సీమ అన్నపూర్ణ యైనది.

ఈ దృష్టి లోపించిన ఫలము పోలవరమునకే పరిమితము కాదు. అదే గోదావరిపై, ఎగువన తెలంగాణములో, 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు క్రుంగినవి. ప్రణాళిక, నమూనా, నాణ్యతా పరీక్ష, నిర్వహణము - ఈ నాలుగింటను లోపములు గలవని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థవారు తెలిపిరి. నాలుగును చెడినవన్నచో నాలుగింటిని కలుపవలసిన బాధ్యుడు లేడనియే యర్థము.

చేయవలసినదేమి?

ఒకటి. ఉద్దేశమును నిలుకడగ నిర్ణయింపవలెను. పోలవరము పూర్ణ జలమట్టము 45.72 మీటర్లు. తొలిదశగా 41.15 మీటర్ల వఱకు నింపుదుమనుచున్నారు. ఈ నాలుగున్నర మీటర్ల భేదము సామాన్యమైనది కాదు. నిలువ, ఆయకట్టు, విద్యుత్తు, మునుగు గ్రామముల సంఖ్య, కేంద్రమిచ్చు ధనము - అన్నియు దానితో మాఱును. దశలవారీగ నింపుట తప్పని మే మనము. కాని యొక్క సంఖ్య మాఱినపుడు తక్కిన సంఖ్యలెట్లు మాఱినవో ఒకే పత్రమున ప్రజల యెదుట నుంచుట ప్రభుత్వ ధర్మము. రెండవ దశ యెప్పుడు, ఎవరి ధనముతో, అందాక కాలువల చివరనున్న రైతు గతియేమి అన్న ప్రశ్నలకు సమాధానము అదే పత్రమున నుండవలెను.

రెండు. ప్రతి సంధికిని యజమానిని నియమింపవలెను. ఆనకట్టకును కాలువకును, కాలువకును పిల్లకాలువకును, జలాశయమునకును ఎగువ రాష్ట్రములకును నడుమ సంధులు కలవు. వెనుకనీటి విషయమై ఒడిషా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములు న్యాయస్థానముల కెక్కుటయు, తెలంగాణము భద్రాచలము గుఱించి యాందోళన పడుటయు మనమెఱుగుదుము. పొరుగువాని భయమును శత్రుత్వముగ నెంచక, దానిని నిర్మాణములో నొక భాగముగ నెంచినవాడే బుద్ధిమంతుడు. వఱద వచ్చిన పిదప చేయు సర్వేకంటె ముందుగా నందఱును కలిసి చేయు సర్వే చౌక.

మూడు. శాతముల భ్రమను విడువవలెను. మన్నుపని యింత శాతము, కాంక్రీటు ఇంత శాతము, మొత్తము ప్రాజెక్టు ఇంత శాతమని ప్రకటనలు వెలువడుచుండును. ఇల్లు తొంబది శాతము పూర్తియై పైకప్పు లేనిచో దానిలో వాన తొంబది శాతము ఆగునా? కలుపరాని వస్తువులను కలిపి తీసిన శాతము మనస్సునకు మత్తు కలిగించును. 2018లో గోడ నూఱు శాతము పూర్తి. అయినను 2025లో దానిని మఱల కట్ట నారంభించిరి. ఈ వేసవి ముగియునాటికి ఏయే సంధులు మూయబడవలెను, ఎన్ని మూయబడినవి, మిగిలిన వానికి బాధ్యు డెవడు - ఇదియే ప్రజలకు కావలసిన లెక్క.

నాలుగు. దశాద్వారములను నెలకొల్పవలెను. ముందు దశ ముగిసినదని కార్యముతో సంబంధము లేని నిపుణులు పరీక్షించి యంగీకరించినగాని తరువాతి దశకు ధనము విడుదల కారాదు. వారి నివేదిక తెలుగులో ప్రకటింపబడవలెను. గుత్తేదారు మాఱినను, మంత్రివర్గము మాఱినను ఈ ద్వారములు మాఱరాదు. 2019లో ప్రభుత్వము మాఱినది, గుత్తేదారు మాఱెను. 2024లో మఱల ప్రభుత్వము మాఱినది. ప్రజాస్వామ్యమున ప్రభుత్వములు మాఱుట సహజము. నది మాత్రము ఎన్నికల పంచాంగమును చూడదు.

ఈ పద్ధతులన్నియు కాగితముల గుట్టలు పెంచి పనికి జాప్యము కలిగించునని యాక్షేపింపవచ్చును. కొంత నిజము కలదు. పత్రములు వ్రాయుటయే పనియని భ్రమించు కచేరీల సంఖ్య మన దేశమున తక్కువ కాదు. ప్రతి సంధిని మూయువఱకు వేచియుండుట కూడ ఎల్లప్పుడు వివేకము కాదు. ఆనకట్ట రాకముందే కుడికాలువ సిద్ధముగ నుండగా, 2015లో పట్టిసీమ వద్ద పంపులు పెట్టి గోదావరి నీటిని ఆ కాలువలోనికి ఎత్తి కృష్ణకు చేర్చిరి. భాగములలో నేది యక్కఱకు వచ్చునో యెఱిగి వాడుకొనుటయు సమగ్రదృష్టిలోనిదే. ఏ సందును వదలినను ప్రమాదము లేదు, ఏ సందును వదలరాదు అను వివేచనమే కదా ఈ శాస్త్ర సారము! జాప్యమను నాక్షేపమునకు మఱొక సమాధానము కూడ కలదు: ఒక గోడను రెండుమాఱులు కట్టుటకంటె పెద్ద జాప్యము వేఱొకటి యుండునా?

నిర్వాసితు లెక్కడ?

ఇంతకంటె బలమైన యాక్షేప మొకటి కలదు. క్షిపణి భాగములు మాటలాడవు, మనుష్యులు మాటలాడుదురు. 1960 దశకమున అమెరికావారు క్షిపణి నిర్మాణపు పద్ధతులను నగరముల దారిద్ర్యము మొదలగు సమస్యలకు కూడ వర్తింప జూచిరి. ఆశించిన ఫలము రాలేదు. పటములోని గడులలో మానవుని ఇఱికించినచో ఆ పటము చినుగును. ఈ యాక్షేపమును మేము శిరసావహింతుము. పోలవరమున జరిగినదేమో చూడుడు: కోయలు, కొండరెడ్లు మొదలగు గిరిజనులును, ఇతర పల్లెజనులును, ఈ ప్రణాళికలో తుది వరుసను చేర్పబడిరి. కాంక్రీటునకు ముందు వరుస, మనుష్యునకు తుది వరుస. పునరావాసము కార్యమునకు వెలుపలనున్న యొక దానముగ, ధనము మిగిలినచో చేయదగిన దయాకార్యముగ భావింపబడినది. ఆ పని 2025 నాటికిని పూర్తి కాలేదు.

నది యేమి చేసినది? వారిని మఱచిన పాపమునకు ఫలమును నేరుగ గోడకే చూపినది. పల్లెలు కదలనందున కాఫర్ డ్యాములు మూయబడలేదు. అవి మూయబడనందున గోడ దెబ్బతిన్నది. ధర్మశాస్త్రము చెప్పు మాటను ఇచ్చట జలశాస్త్రమే చెప్పినది. సకాలమున ఇల్లు కట్టి యియ్యబడిన కొండరెడ్డి కుటుంబము పోలవరమునకు ఉక్కుకంటె సిమెంటుకంటె గట్టి పునాది. కాబట్టి సమగ్రశాస్త్రమును నిజముగ పాటించువాడు మనుష్యుని యంత్రభాగముగ జూడడు. ఎవరి జీవితము మీదుగా నీరు పోవుచున్నదో వారిని తొలిదశలోనే కూర్చుండబెట్టి, వారి భూమికి భూమి, వారి గ్రామమునకు గ్రామము, వారి వేల్పులకు చోటు ఎట్లని యడుగును. ఆ ప్రశ్నకు సమాధానము దొరకని పటముపై సంతకము చేయడు.

ఈ ద్వారములు తెఱచుటకు ముందు గిరిజన గ్రామసభల యంగీకారము కూడ చేర్పబడవలెనని మేము కోరుచున్నాము. 41.15 మీటర్ల మట్టమునకు లోనైన కడపటి కుటుంబము క్రొత్త యింట పొయ్యి వెలిగించినదని గ్రామసభ తీర్మానించినగాని జలాశయమున నీరు నింపరాదు. ఇది కరుణ కొఱకు చేయు విజ్ఞప్తి కాదు. నిర్మాణక్రమమున తప్పనిసరియైన మెట్టు.

క్రొత్త గోడ పూర్తియగుటతో కార్యము ముగియదు. దానిపై కట్ట పూర్తి కావలెను. కాలువలలో నీరు పాఱవలెను. ఆ నీరు అనకాపల్లి రైతు పొలమును, కృష్ణా డెల్టా రైతు మడిని చేరవలెను. నడుమ నెన్ని సంధులున్నవో లెక్కింపుడు. ఒక్కొక్క సంధికి ఒక్కొక్క పేరు వ్రాయుడు. వ్రాసి, ఆ జాబితాను ప్రాజెక్టు ద్వారమునను, అసెంబ్లీ గోడపైనను, ప్రతి మండల కచేరీలోను అంటింపుడు. ఏ సంధి యెదుట పేరు లేదో యచ్చట రాబోవు వఱద తన పేరు వ్రాసికొనును.

శ్రీహరికోటలో చేయగలిగిన జాతి పోలవరమున చేయలేదనుట ఆత్మావమానము. విద్య కలదు, ధనము కలదు, చేతులు కలవు. కావలసినది, సంధి చెడుచున్నపుడు "ఆపుడు" అని చెప్పగల యధికారి యొకడును, ఆ మాట విని యాగు ప్రభుత్వ మొకటియు. వచ్చు వర్షకాలమునకు ముందే ప్రభుత్వము ఆ యధికారిని నియమించి, ఆతని పేరును ప్రజలకు తెలుపునా?